సాంబారు సంగతి రాయలేదు

ఆ పొద్దున నీలోఫర్ పెట్టుకున్న పని చాలా చిన్నది. మచిలీపట్నంలో వాళ్ళ నాన్న బషీర్‌ది షామియానాలు, కుర్చీలు, వంట గుండిగలు అద్దెకిచ్చే సప్లయింగ్ కంపెనీ. బుకింగులు చూసుకోవడానికి ఆమె కంప్యూటర్లో ఒక ఏఐ ఏజెంటును తయారుచేసి పెట్టింది. "నెల్రోజులు చూస్తా. తేడా వచ్చిందా, మళ్ళీ నా ఎర్ర పుస్తకమే," అని బషీర్ గడువు పెట్టాడు. ఆ గడువు సాయంత్రంతో తీరుతుంది. ఇలాంటివే తయారుచేసి ఊళ్ళో నలుగురికీ అమ్మాలని నీలోఫర్ పట్టుదల. మొదటి బేరమే సొంత ఇంట్లో బెడిసికొడితే బయట ఎవరు నమ్ముతారు?

"మొదట్లో ట్రయల్ కోసం పెట్టిన ఉత్తుత్తి బుకింగులు నాలుగున్నాయి. అవి తీసేసి లిస్టు నీట్‌గా పెట్టు," అని ఏజెంటుకు చెప్పి టిఫినుకు కూర్చుంది. పెసరట్టు సగంలో ఉండగా జవాబు వచ్చింది: "శుభ్రం చేశాను. నలభై మూడు తీసేశాను."

పెసరట్టు వదిలేసి కంప్యూటరు దగ్గరికి పరిగెత్తింది.

ఏజెంటు తప్పేం లేదు పాపం. దానికిచ్చిన టూల్స్‌లో 'శుభ్రం' అని ఒకటుంది. దాని పక్కన నీలోఫరే రాసింది: "ఫోన్ నంబరు లేని బుకింగుల్ని శుభ్రం చేస్తుంది." ఏజెంటు చదివి నడుచుకునేది అదే, ఒక్క లైను. తను చేసిన టూలే కదా, తనకు తెలియదా అన్న ధీమా! ఉత్తుత్తి బుకింగులకు నంబర్లు లేని మాట నిజమే. కానీ బషీర్ తెలిసినవాళ్ళ దగ్గర నంబరు తీసుకోడు. "మాస్టారింటికి ఫోనెందుకే, బండేసుకుని వెళ్తే పోలా?" అంటాడు. బందరులో ఆయనకు తెలియనివాళ్ళెవరు? తీసేసిన బుకింగు మళ్ళీ రాదనీ, తీసేయగానే 'సామాను వెనక్కి తెండి' అంటూ డ్రైవర్లకు మెసేజ్ పోతుందనీ ఆ లైనులో లేనే లేదు.

మొదటి ఫోను రామమూర్తి మాస్టారిది. "అమ్మా, నా షష్టిపూర్తికి వేసిన కుర్చీలు మీవాళ్ళు పట్టుకుపోతున్నారు. మా వియ్యంకుడు గారిని లేపి మరీ తీసుకెళ్ళారు. ఆయన అసలే అలిగే మనిషి!"

రెండోది గిలకలదిండి నుంచి. బోట్ల యజమానుల మీటింగు నడుస్తుండగా షామియానా ఊడిపోయింది. అవతలివాళ్ళే ఊడదీయించారని రెండు వర్గాలూ ఎండలో నిలబడి తిట్టుకుంటున్నాయి. "నిజం చెప్పమ్మా, ఎవరు చేయించారు?" అని మీటింగు పెట్టించిన కోటమ్మ నిలదీసింది.

"నేనేనండీ."

"చాల్లే, వాళ్ళని వెనకేసుకు రాకు!" అని కోటమ్మ ఫోను పెట్టేసింది.

ఇంతలో అవనిగడ్డ నుంచి డ్రైవరు గిరిధర్ వ్యాను వచ్చి ఆగింది. వెనకాల పెద్ద గుండిగ. మూత తీస్తే సాంబారు, ఇంకా వేడిగానే ఉంది.

"ఇదేంటి గిరిధర్ అన్నా!"

"గుండిగ వెనక్కి తెమ్మన్నారు కదమ్మా. సాంబారు ఏం చెయ్యాలో రాయలేదు."

నీలోఫర్ తిట్టబోయి ఆగింది. రాయనిది తనే మరి.

గొడవ విని బజారు నుంచి బషీర్ పరుగున వచ్చాడు. "ఏదీ నా పుస్తకం?"

"అందులో ఈ నెలవి రాయలేదుగా అబ్బాజాన్. పేర్లన్నీ పోయాయి."

"పోతే నీ కంప్యూటర్లో పోయాయి. నా బుర్రలో పోలేదు, రాసుకో." కళ్ళు మూసుకుని ముప్పై తొమ్మిది పేర్లూ, వీధులతో సహా, గడగడా అప్పజెప్పాడు. వ్యాన్లు మళ్ళీ బయల్దేరాయి. మాస్టారి వియ్యంకుడు కూర్చున్నారు. సాంబారు రెండో బంతికి అందింది.

"ఇక నీ కంప్యూటరు మేనేజర్ని పంపించెయ్," అన్నాడు బషీర్.

"సాయంత్రం దాకా గడువుంది," అంది నీలోఫర్, కంప్యూటరు ముందు నుంచి కదలకుండా.

మధ్యాహ్నమంతా కూర్చుని, ఏదైనా తీసేసే ప్రతి టూలుకూ వివరం మళ్ళీ రాసింది. ఊరికే 'జాగ్రత్త' అంటే ఎవరికేం తెలుస్తుంది? ఏం పోతుందో, ఏది తిరిగి రాదో, మెసేజ్ ఎవరికి వెళ్తుందో, ముందు ఎవర్ని అడగాలో విడమర్చి రాసింది. రాసింది గిరిధర్‌కి చదివి వినిపించింది. "బావుందమ్మా. గుండిగలో కూర ఉంటే ఎవర్ని అడగాలో కూడా రాసెయ్యండి," అన్నాడతను. అదీ రాసింది.

సాయంత్రం బషీర్ వచ్చి కళ్ళజోడు పెట్టుకుని, తనే ఒక్కో అక్షరం కొట్టాడు: "మొత్తం తుడిచెయ్."

జవాబు వచ్చింది: "రెండు వందల పన్నెండు బుకింగులు పోతాయి. తిరిగి రావు. సామాను వెనక్కి తెమ్మని డ్రైవర్లకు మెసేజ్ వెళ్తుంది. గుండిగల్లో వంట ఉండవచ్చు. ముందు బషీర్ గారిని అడగాలి."

"నేనే బషీర్‌ని," అని కొట్టాడాయన.

"అయితే మీరు చెప్పండి. చెయ్యమంటారా, వద్దంటారా?"

బషీర్ కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. "నన్ను అడుగుతోందే! పాతికేళ్ళ కాపురంలో ఇవాళ ఏం కూరని మీ అమ్మ కూడా నన్ను అడగలేదు," అని గొణిగాడు. తర్వాత హుందాగా కూర్చుని, "ఆలోచించి చెప్తా," అని కొట్టాడు.

ఆరు నెలలైంది. ఆయన ఇంకా ఆలోచిస్తూనే ఉన్నాడు.