రెండు బ్రౌజర్ల మీద ఒక వేలంపాట

ఆ ఉదయం గుంటూరు మిర్చి యార్డులో కొట్టు తెరిచేసరికి మొహిద్దీన్ బాషా చేతిలో ఉన్నవి ఒక కంప్యూటరు, తన పేరున ఒకటి, భార్య జోహరాబీ పేరున ఒకటి చొప్పున రెండు వ్యాపార లైసెన్సులు, మంగళగిరి మసాలా కంపెనీ ఆర్డరు. సాయంత్రానికి నలభై టిక్కీల మిర్చి, అంటే నలభై బస్తాలు, లారీ ఎక్కాలి. ఎక్కకపోతే ఆర్డరు ఇంకొకరికి పోతుంది. కంపెనీ క్వింటాలుకు ఇచ్చేది ఇరవై వేలు. బుల్లయ్య అనే రైతు సరుకు సరిగ్గా నలభై టిక్కీలు ఆన్‌లైన్ వేలానికి వచ్చింది. అరగంట పని.

బ్రౌజరు తెరవగానే, నన్నే మీ ముఖ్య బ్రౌజరుగా పెట్టుకోండి అని అడిగింది. వద్దన్నాడు. రెండోది తెరిస్తే అదీ అదే మాట.

"రోజూ ఈ బతిమాలుడేంటమ్మా? దుప్పట్లమ్మేవాళ్ళు నయం, వద్దంటే పోతారు."

"ఒక్కోదాంట్లో ఒక్కో లైసెన్సు తెరిచానండి. రెండూ ఉండాల్సిందే," అని గుమాస్తా క్రిస్టీనా కాటా దగ్గరికి వెళ్ళిపోయింది.

మొదటి దాంట్లో పద్దెనిమిది వేలు కొట్టాడు. చక్రం తిరుగుతూనే ఉంది. పాట పోలేదనుకుని రెండోదానికి మారాడు. అక్కడ అప్పటికే ఎవరో పద్దెనిమిది వేలు పాడేశారు. వేలం ముగిసేదాకా పేర్లు కనబడవు. ఎదురు కొట్టు వీరబాబే అనుకుని వంద పెంచాడు. ఈలోగా మొదటిది మేలుకుని, మీ ధరను ఎవరో దాటారంది. "నీ సంగతి చూస్తా" అంటూ అక్కడ ఇంకో వంద. ఇలా పదహారు సార్లు.

క్రిస్టీనా తిరిగొచ్చి చూసింది. "సార్, ఆ ఇద్దరూ మీరేనండి."

"అది వేరే కంపెనీ బ్రౌజరు కదమ్మా!"

"కంపెనీలే వేరండి. లోపల ఇంజను ఒకటేనంట. పోటీ అంతా పైపైనే, మీ పాటలాగే."

పాడిన పాట వెనక్కి రాదు. బాషా నెత్తిన చెయ్యి పెట్టుకున్నాడు. ఆఖరి నిమిషంలో, ధర అలా ఎగబాకడం చూసి ఎవరికో ఎగుమతి కబురు అందిందని భ్రమపడ్డ అసలు వీరబాబు ఇంకో వంద వేసి సరుకు ఎగరేసుకుపోయాడు. హమ్మయ్య అనుకున్నాక బాషాకు లారీ గుర్తొచ్చింది.

అప్పుడే పాడినవాళ్ళ జాబితా బయటికొచ్చింది. బాషా, జోహరాబీ, మళ్ళీ బాషా, మళ్ళీ జోహరాబీ. యార్డంతా చదివింది. పది నిమిషాల్లో బ్రాడీపేట ఇంటి నుంచి ఫోను.

"ఏవండీ, మనం విడిపోయామంట. నాకెప్పుడు చెబుదామనుకున్నారు?"

ఆమెకు సర్దిచెప్పి, ఆ సరుకు అడగడానికి ఎదురు కొట్టుకు వెళ్ళాడు.

"కట్టుకున్నదాని మీద పాట పెంచినోడికి నేనివ్వను," అన్నాడు వీరబాబు. "ఆమె ఎంత గట్టి మనిషయ్యా! అడుగు వెనక్కెయ్యలేదు. ఇస్తే ఆ చెల్లెమ్మకే ఇస్తా, కొన్న ధరకే."

"అది కూడా నేనేనయ్యా బాబూ!"

"చాల్లే, ఆమెకొచ్చిన పేరు కూడా నువ్వే లాక్కుంటావా?"

జోహరాబీ ఆటోలో వచ్చి సంతకం పెట్టింది. అయిదింటికి లారీ కదిలింది.

ఆ రోజు లెక్క ఇలా తేలింది: వచ్చిన కాస్త లాభం జోహరాబీది, ఇకమీదట ఆర్డర్లూ జోహరాబీవే, బాషాకు ఆమె దగ్గర ఉద్యోగం దొరికింది.