పడమటికి బదిలీ అయిన చావు

రెండు పట్టికలను కలిపిన మర్నాడు, గణాంక శాఖ వారు కంచరపేటకు వచ్చి, నూకరత్నం కూతురు హైమ చావును జీపులో వేసుకుని పడమటి రాష్ట్రానికి తరలించారు.

కారణం సవ్యమైనదే. ఆరోగ్య శాఖ పట్టికలో ఏడో నంబరు అంటే ఈ రాష్ట్రం. జనాభా పట్టికలో ఏడు అంటే పడమటి రాష్ట్రం. కలిపినవారు పేర్లు చూడలేదు, సంఖ్యలు చూశారు. కనుక కుళాయి నీళ్లు తాగి, వాంతులతో, విరేచనాలతో పోయిన పిల్ల చావు చట్టప్రకారం అక్కడిది. చావు వెళ్లిపోయినంత మాత్రాన పిల్ల తిరిగి రాలేదు; అది వేరే శాఖ పరిధిలోని విషయం.

నూకరత్నం జీపుకు అడ్డంగా నిలబడింది. ఆమెకు ఏడవడం కన్నా ముఖ్యమైన పని ఉంది: చిన్న కొడుకు ఇంకా ఆ కుళాయి నీళ్లే తాగుతున్నాడు.

"సావు అట్టుకుపోతే కుళాయి ఎవులు మూస్తారు బాబూ?"

"చావు ఎక్కడుంటే అక్కడ మూస్తారమ్మా," అన్నాడు అధికారి సదాశివరావు, ఓపికగా.

"మరి ఇంటిపన్నుకి మా నంబరు ఒక్కపాలైనా తప్పదేం?" అంది పక్కింటి సింహాద్రమ్మ.

"ఆ పట్టికను దేనితోనూ కలపం మామ్మా."

జీపు కదిలింది.

పడమటిది బాధ్యత గల రాష్ట్రం. హైమ చావును అందుకున్న ఊరిలో, ఏ దోషమూ లేని మంచినీటి బావికి ఆ సాయంత్రమే సీలు వేశారు. వైద్యుణ్ణి, సెలైన్ సీసాలను పంపారు. హైమను కనని ఒక తల్లికి దుఃఖాన్ని కేటాయించారు; ఆమె నియమం తప్పకుండా ఏడ్చింది. ఇక్కడ కంచరపేట కుళాయికి పూలదండ వేసి, ఈ రాష్ట్రంలో నీటివల్ల చావులే లేవని మంత్రి చేత చెప్పించారు. చప్పట్లు కొట్టిన పెద్దలు ఆ నీళ్లు ముట్టలేదు. తాగడానికి సీసాలు వెంట తెచ్చుకున్నారు.

ఆ వారమే కొడుక్కి వాంతులు మొదలయ్యాయి. ఆసుపత్రిలో నర్సు అబద్ధమాడలేదు.

"ఈ జబ్బు మన దగ్గర లేదక్కా. మందులన్నీ అటే పంపేశారు. అటు తీసుకెళ్తే బతుకుతాడు."

రైల్లో రెండు రాత్రులు పడుతుందట. పిల్లాడు అంతవరకు ఆగుతాడో లేదో, నూకరత్నం వాణ్ణి భుజాన వేసుకుని స్టేషన్‌కు నడిచింది.

స్టేషన్లో టికెట్ల కిటికీ ముందు కంచరపేట వీధి వీధంతా అప్పటికే వరుసలో ఉంది. మనవరాలిని భుజాన వేసుకున్న సింహాద్రమ్మ వెనక్కి తిరిగి చూసింది.

"నా ఎనకాలే నిల్చోయే రత్నం, తోసుకోకు," అంది.

ఎవరూ తోసుకోవడం లేదు. చేతులు నొప్పెట్టినవారు పిల్లలను ఒక భుజం మీంచి మరో భుజం మీదికి మార్చుకుంటున్నారు, అంతే.