ఐదు నక్షత్రాల కత్తి

మా బావగారింట్లో గత నెల పదో తారీఖున, ఉదయం పదకొండు గంటలకు ఒక కత్తి ప్రవేశించిందని తెలియజేయడానికి సంతోషిస్తున్నాను. మామూలు కత్తి అయితే వచ్చిందంటాం. ఇది ప్రీమియం కత్తి కాబట్టి ప్రవేశించింది. తెచ్చిన మనిషి గడప దగ్గరే ఆగి, చేతులు తుడుచుకుని, డబ్బాను రెండు చేతులతో అందించాడు. బావ కూడా రెండు చేతులతోనే అందుకున్నాడు. నేను అక్కడే ఉన్నాను కాబట్టి ఇందులో అతిశయోక్తి లేదని పాఠకులు నమ్మవచ్చు.

బావ తొందరపడి ఏదీ కొనే మనిషి కాదు. చీపురు కొనాలన్నా నలుగురినీ అడుగుతాడు. ఈ కత్తిని కూడా దగ్గరి బంధువొకరి అద్దాల బీరువాలో కళ్లారా చూసి, "కత్తి అంటే ఇదీ!" అని ఆ బంధువు నోటితోనే విని, పన్నెండు వేల మంది దీనికి ఐదేసి నక్షత్రాలు ఇచ్చారని ఫోనులో చదివి, అప్పుడు కొన్నాడు. ఇంతకన్నా జాగ్రత్త ఎవరూ పడలేరు.

కంపెనీవారు ఒక సదుపాయం కూడా కల్పించారు. ఇంట్లో ఉన్న పాత కత్తి ఇచ్చేస్తే కొత్త కత్తికి చెక్క స్టాండు ఉచితం. ఆ సమయానికి అక్క డాబా మీద బట్టలు ఆరేస్తోంది. బావ వంటింట్లోకి వెళ్లి పాత కత్తి తెచ్చి, వచ్చిన మనిషి చేతిలో పెట్టేశాడు.

ఆ పాత కత్తి గురించి ఒక మాట చెప్పాలి. మా నాన్న కరెంటు పని చేసేవాడు. అక్క కాపురానికి వెళ్లిన ఏడాదే ఆ కత్తి పిడి పగిలితే, నాన్న దాని చుట్టూ రాగితీగ చుట్టి బిగించాడు. మోటారుకు చుట్టినట్టు, వరస తప్పకుండా, సందు లేకుండా చుట్టాడు. నాన్న పోయి తొమ్మిదేళ్లయింది. ఆ తీగ ఒక్క చుట్టు కూడా వదల్లేదు. అక్కకి ఆ కత్తి అంటే ప్రాణం. ఇదంతా బావకి తెలియక కాదు, స్టాండు నచ్చింది.

డబ్బాలో డబ్బా, దానిలో ముఖమల్ సంచి, సంచిలో కత్తి. వెంట ఒక ధ్రువపత్రం, అరవై నాలుగు పేజీల పుస్తకం. పుస్తకంలో కత్తిని ఎలా తుడవాలో ఇరవై పేజీలు, ఎలా పడుకోబెట్టాలో పన్నెండు పేజీలు, వ్యవస్థాపకులవారి బాల్యం తొమ్మిది పేజీలు ఉన్నాయి. కోయడం అన్న మాట మాత్రం ఒక్క చోటే కనిపించింది, అది కూడా 'చేయకూడని పనులు' అన్న శీర్షిక కింద. బావ డబ్బా మూత ఎత్తగానే ఫోనులో ఐదు నక్షత్రాలు నొక్కేశాడు. అప్పటికి కత్తి ఇంకా సంచిలోనే ఉంది.

ప్రారంభోత్సవానికి ఒక టమాటాను ఎంపిక చేశారు. కత్తి దాని మీద ఆనగానే టమాటా పక్కకు జారి, బల్ల దిగి, చెక్కు చెదరకుండా ఫ్రిజ్ కిందికి వెళ్లిపోయింది. పచ్చిది కాబట్టి అలా జరిగిందని బావ తేల్చాడు. బాగా పండిన దాన్ని తెస్తే అది కత్తి కింద చితికి బావ చొక్కా మీదికి ఎగిరింది. మరీ పండిపోయిందని తేల్చాడు. చివరికి అరటిపండు కోశాడు. తెగింది. బావ గర్వంగా మా వైపు చూశాడు.

అప్పుడే డాబా దిగి వచ్చిన అక్క, "అరటిపండు చెంచాతో నొక్కినా తెగుతుంది" అంది. ఆ తర్వాత గూట్లోకి చూసింది. "నా కత్తేదీ?"

బావ స్టాండు చూపించాడు.

అక్క అరవలేదు. అరిచి ఉంటే బావ బతికిపోయేవాడు. "నాన్న చేతి కత్తి ఇంటికొచ్చేదాకా ఈ వంటింట్లో ఏదీ తరగను" అని మాత్రం చెప్పి, తడి చేతులు కొంగుకు తుడుచుకుంది. నేను ఆమె కళ్లలోకి చూడకుండా, ఫ్రిజ్ కింద టమాటా కోసం వెతకసాగాను. ఎందుకో తర్వాత మనవి చేసుకుంటాను.

అక్క మాటంటే మాటే. ఆ పూట నుంచి ఉల్లిపాయలు ఉల్లిపాయల్లాగే ఉడికాయి. రెండో రోజు వంకాయలు తొడిమలతో సహా కంచంలోకి వచ్చాయి. నాలుగో రోజు మధ్యాహ్నం బావ ముందు ఒక క్యాబేజీ, పూర్తి క్యాబేజీ, ఉప్పు నీళ్లలో ఉడికి ఆవిర్లు కక్కుతూ కూర్చుంది. బావ దాన్ని కాసేపు చూశాడు. ఆకులు ఒకటొకటే ఒలుచుకుని తిన్నాక లేచి వినియోగదారుల సేవా విభాగానికి ఫోన్ చేశాడు.

మన ఫోను వారికి ఎంతో ముఖ్యమట. ఈ మాట వారు నలభై నిమిషాలు చెప్పారు. ఆ తర్వాత ఒక అమ్మాయి ఎంతో మర్యాదగా పలికింది.

"చెప్పండి సార్, సమస్య ఏంటి?"

"కత్తి తెగడం లేదమ్మా."

"తెగడం లేదని మీకెలా తెలిసింది సార్?"

"టమాటా మీద పెట్టి చూశాను."

"టమాటా తెగిందా సార్?"

"లేదు."

"అంటే మీరు కత్తిని ఇంకా వాడలేదు సార్. వాడని వస్తువు మీద ఫిర్యాదు తీసుకోము."

"అరటిపండు తెగిందమ్మా!"

"అయ్యో, అయితే వాడేశారు సార్. వాడిన వస్తువుకు వారంటీ ఉండదు."

"పోనీ, సాన పట్టించుకోనా?"

అవతలి వైపు ఆ అమ్మాయి ఊపిరి బిగబట్టిన చప్పుడు మాకు కూడా వినిపించింది. "ఈ మాట నేను వినలేదనుకుంటాను సార్. అయినా మీరు ఐదు నక్షత్రాలు ఇచ్చారు కదా! సంతృప్తి చెందిన వినియోగదారులకు మేం ప్రత్యేకంగా ఇంటికే నాణ్యతాధికారిని పంపిస్తాం."

అధికారి మర్నాడే వచ్చారు. తెల్ల చేతితొడుగులు, భూతద్దం, నడుముకు టేపు. కత్తిలో తమ పళ్లు చూసుకున్నారు. వేలి మీద నిలబెట్టి చూశారు. డబ్బా మూతను తొమ్మిదిసార్లు వేసి, ఆ శబ్దాన్ని కళ్లు మూసుకుని విన్నారు. తర్వాత టమాటాను, చెక్క పలకను, బావ మణికట్టును పరీక్షించి నివేదిక రాశారు. కత్తి ఉత్తీర్ణం. టమాటా అనుత్తీర్ణం. మణికట్టుకు మరో అవకాశం ఇవ్వదగును. తన మణికట్టు పూర్తిగా తప్పనందుకు బావ కాస్త సంబరపడ్డట్టే కనిపించాడు.

"ఆడలేక మద్దెల ఓడని, టమాటాని తప్పించారన్నమాట" అంది అక్క. "మీ కంపెనీలో ఈ కత్తులతో ఏదైనా కోసి చూస్తారా అసలు?"

అధికారి లేచి నిలబడ్డారు. "అమ్మా! కోసి చూసిన కత్తి వాడిన కత్తి అవుతుంది. వాడిన కత్తిని కొత్తదని అంటగట్టే నీచమైన సంస్థ కాదు మాది. ముప్పై ఏళ్లుగా మా కత్తుల్లో ఒక్కటి కూడా, ఒక్క ఉల్లిపొర కూడా కోయకుండా, అంత పవిత్రంగా వినియోగదారుల చేతికి చేరుతోంది. కోయడం కత్తికున్న వంద గుణాల్లో ఒకటి. మిగతా తొంభై తొమ్మిదీ మీరు చూడరేం?"

ఇంత నిజాయితీ గల మనిషిని నేను చూడలేదు. అక్క మాత్రం చెప్పులు వేసుకుంది. "పదండి, మీ ఆఫీసుకే వస్తాం."

సేవాకేంద్రం చల్లగా, సువాసనగా ఉంది. కూర్చోగానే మునిగిపోయే సోఫాలు ఉన్నాయి. గోడ మీద బంగారు అక్షరాలతో 'నాణ్యత లేని వస్తువు మా ప్రాంగణంలో ఒక్క పూట కూడా ఉండదు' అని రాసి ఉంది. టోకెన్ నంబరు పిలిచేదాకా అక్క ఆ అక్షరాలనే చూస్తూ కూర్చుంది. వరసలో మాకు ముందున్న వాళ్లందరి ఒళ్లోనూ ముఖమల్ డబ్బాలే. ఎవరూ ఎవరి ముఖమూ చూడటం లేదు.

అంతలో కౌంటరు వెనకనుంచి 'సర్ర్' మని చప్పుడు వచ్చింది. ప్యాకింగ్ చేసే నడివయసు ఆవిడ ఒకరు, తిరిగి వచ్చిన డబ్బాల మీది ప్లాస్టిక్ పట్టీలను ఒక్కో వేటుకు ఒక్కోటి తెంపుతోంది. ఆమె చేతిలో పిడికి రాగితీగ మెరిసింది.

అక్క లేచి నిలబడింది. "అది మా నాన్న కత్తి."

ఆవిడ కత్తిని గుండెకు ఆనించుకుంది. "ఇదొక్కటి అడక్కండమ్మా. మా కత్తులన్నీ వాడి చూశాను, ఒక్కదానికీ పట్టీ తెగలేదు. నాలుగు రోజుల కిందట ఇది వచ్చాకే నా చేతులకు ప్రాణం లేచొచ్చింది."

మేనేజరు బయటికి వచ్చి, మార్పిడిలో ఇచ్చిన వస్తువు సంస్థ ఆస్తి అని, తిరిగి ఇవ్వడానికి నిబంధనలు ఒప్పుకోవని చల్లగా వివరించారు. బావ తల దించుకున్నాడు. కత్తి ఇక రాదని నేను అనుకున్నాను.

అక్క అధికారి వైపు తిరిగింది. "అయ్యా, మీ ఆఫీసులో పరీక్ష కాని కత్తి వాడొచ్చా?"

అధికారి ముఖం పాలిపోయింది. "పరీక్ష కాలేదా?" అని చేతితొడుగులు వేసుకున్నారు. పళ్లు కనిపించలేదు. వేలి మీద నిలబడలేదు. మూత శబ్దం విందామంటే డబ్బాయే లేదు. "ఇలా వదిలెయ్యండి సార్, ఇది తెగుతుంది కదా" అని ప్యాకింగ్ ఆవిడ బతిమాలింది. "నాణ్యత విషయంలో రాజీ లేదు" అంటూ అధికారి పదకొండు అంశాల్లో పదకొండింటా తప్పించి, ఎర్ర ముద్ర వేశారు.

అక్క గోడ మీది బంగారు అక్షరాలను వేలితో చూపించింది. మేనేజరు చదువుకున్నారు. మరొకసారి చదువుకున్నారు. సంస్థ సిద్ధాంతాన్ని సంస్థే కాదనలేక, ఆ పూటే కత్తిని 'తిరస్కృతం' అన్న పత్రంతో సహా అక్క చేతికి ఇచ్చి పంపేశారు. ప్యాకింగ్ ఆవిడను చూసి అక్క కూడా బాధపడింది. సాన పట్టేవాడి వీధి గుర్తులు చెప్పి వచ్చింది.

మేము గుమ్మం దాటకముందే బావ ఫోను మోగింది. "మా సేవకు ఎన్ని నక్షత్రాలు?" అని కంపెనీవారి సందేశం. బావ ఐదూ నొక్కాడు.

"అదేంటి బావా!" అన్నాను.

"నాలుగిస్తే నేను మోసపోయానని నలుగురికీ తెలిసిపోదూ?" అన్నాడు బావ, గొంతు తగ్గించి.

ఇప్పుడు బావ ఇంట్లో ముఖమల్ డబ్బా అద్దాల బీరువాలో ఉంది. రాగితీగ కత్తి వంటింట్లో ఉంది. భోజనానికి వచ్చినవాళ్లు డబ్బా చూసి, "బాగా తెగుతుందా?" అని అడుగుతారు. బావ కంచంలో వెంట్రుకంత సన్నగా తరిగిన క్యాబేజీని చూపించి, "మీరే చూడండి" అంటాడు. అలా చూసినవాళ్లలో ముగ్గురు కొన్నారు.

నిన్న నేను బయల్దేరుతుంటే అక్క నా చేతిలో ఒక డబ్బా పెట్టింది. మూత తీసి చూస్తే తరిగిన ఉల్లిపాయలు, టమాటాలు.

"తీసుకెళ్లరా" అంది. "మీ ఇంట్లో కత్తి లేదుగా."

రెండేళ్లుగా మా ఇంట్లో తరిగిన కూరలే కొంటున్నామని, బావ కత్తిని చూసి ముచ్చటపడ్డ ఆ అద్దాల బీరువా మాదేనని, దొంగకు తేలు కుట్టినట్టు నేను ఇన్నాళ్లూ నోరు మూసుకున్నానని అక్కకి ఎప్పటినుంచి తెలుసో నేను అడగలేదు. నాన్న తీగ చుట్టిన కత్తి నా మూలంగానే పోబోయింది. సిగ్గుతో చెప్పులు కూడా సరిగ్గా వేసుకోలేకపోయాను.

పాఠకులు నవ్వుకుంటున్నారని తెలుసు. నవ్వండి, తప్పులేదు. ముందు వెళ్లి మీ అద్దాల బీరువా తలుపు వేసి రండి.