కొళాయికి వెబ్‌సైటు

"మన ఖరిదా వార్డు ప్రజల కష్టాలన్నీ ఇకపై ఆన్‌లైన్‌లోనే ఉంటాయి" అని మా వార్డు నాయకుడు మోహనకృష్ణ గారు మైకులో ప్రకటించగానే, ఆయన దూరదృష్టికి నా ఒళ్ళు పులకరించింది. అప్పటికి మా సందు కొళాయి ఎండిపోయి చాలా రోజులైంది. ఇంకో నాయకుడైతే ప్లంబరును పిలిచి చేతులు దులుపుకొనేవాడు. మోహనకృష్ణ గారు వెబ్‌సైటు పెట్టించారు.

పక్క పేట మలంచాలో కంప్యూటరు షాపు నడిపే ఉదయభాను ఆ పని ఒప్పుకుంది. పార్టీ ఆఫీసుకు వచ్చి, సైటులో ఏ భాగం ఎందుకో ఓపికగా చెప్పింది. అక్కడ కుర్చీలు వేసే భాగ్యం నాది గనుక నేనూ విన్నాను.

"పైనున్నది హెడ్డరండి. దాని కింద మెనూ. అది నొక్కితే కావలసిన పేజీకి వెళ్తారు. నడుమ అసలు విషయం ఉంటాది. అడుగున ఫుటరు. అడ్రసు, ఫోన్ నంబరు, కార్యదర్శి గారి పేరు అక్కడ పెడతాం."

"హెడ్డర్లో నా ఫొటో ఎయ్యమ్మా," అన్నారు నాయకుడు.

"ఏ సైజండి?"

"జనం కష్టాల్లో ఉన్నారు. పెద్దదే ఎయ్యి."

కార్యదర్శి నూకరాజు ముఖం మాత్రం మాడిపోయింది. "అన్నా, ఇన్నేళ్ళు జెండా మోసినాను, పోస్టర్లు అంటించినాను. ఇప్పుడు నన్ను కాళ్ళకాడ పడేత్తారా?"

కార్యకర్త కంట నీరు చూడలేని మనిషి మా నాయకుడు. ఫుటరు తీసేయమన్నారు. దాంతోపాటే అడ్రసూ ఫోన్ నంబరూ పోయాయి. మెనూలో 'ఫిర్యాదులు' అన్న మాట చూసి, శుభమా అని సైటు తెరుస్తూ ఆ అపశకునం ఎందుకన్నారు. మెనూ పోయింది. నడుమ చోటంతా ఇచ్చినా ఫొటోకే చాలలేదు. చివరికి సైటులో ఒక్క అక్షరం లేకుండా ఆ ఫొటో, మూలనొక చిన్న తెల్ల పెట్టె మిగిలాయి.

"ఇదేటమ్మా?"

"సెర్చ్ బాక్సండి. అందులో ఏ మాట కొట్టినా, సైటులో ఉంటే చూపిస్తాది."

"ఉండనీ. ప్రజాస్వామ్యం కదా."

ప్రారంభోత్సవానికి ఖరిదా బజారులో పెద్ద తెర కట్టారు. మా సందు అప్పలనర్సమ్మ ఖాళీ బకెట్టుతో సహా ముందుకు వచ్చింది.

"బాబూ, మా కోడలు పురిటి మంచం మీదున్నాది. అవతల ఇందా పేట నుంచి ఆటోలో నీళ్ళు తెచ్చుకుంతన్నాం. మా కొళాయి సంగతి అందులో ఏటున్నాదో సూడండి."

నాయకుడు చిరునవ్వుతో సైగ చేశారు. ఉదయభాను 'కొళాయి' అని కొట్టింది. తెర మీద అక్షరాలు పడ్డాయి: ఏమీ దొరకలేదు.

నాయకుడు మైకు అందుకున్నారు. "చూశారు కదా. కంప్యూటరు అబద్ధమాడదు. మన వార్డులో కొళాయి సమస్య లేదు."

నూకరాజు చప్పట్లు కొట్టాడు. జనం కొట్టారు. నేనూ కొట్టాను. ఆ ఊపులో నాయకుడు 'మురుగు' కొట్టించారు, 'దోమలు' కొట్టించారు. ఏమీ దొరకలేదు. ఒక్క సాయంత్రంలో వార్డు మొత్తం బాగుపడిపోవడం నా కళ్ళారా చూశాను.

అప్పలనర్సమ్మ బకెట్టు కింద పెట్టింది. "బాబూ, అలాగే మీ పేరు కూడా ఓపాలి కొట్టించండి."

"దానికేటి భాగ్యం," అంటూ నాయకుడు శాలువా సర్దుకుని కెమెరా వైపు తిరిగారు. ఉదయభాను ఒక్కో అక్షరమే జాగ్రత్తగా కొట్టింది.

ఏమీ దొరకలేదు.

నాయకుడు ఇంకా కెమెరా వైపే చూస్తున్నారు. నూకరాజు చప్పట్లు కొట్టాడు.