ఎడమవైపు తిరగని ఆశాకిరణం

మతూష్‌కు ఎడమవైపు తిరగడం రాదన్న సంగతి ఐస్ హాకీ క్లబ్బు శిక్షణ శిబిరం మొదలైన పదో నిమిషంలో బయటపడింది. అప్పటికే మంచు మీంచి జారుకుంటూ వెళ్లి మూడుసార్లు గోడను గుద్దుకున్నాడు. నాలుగోసారికి గోడ అవతలి టీవీ కెమెరా పడిపోయింది.

పై గ్యాలరీలో జనరల్ మేనేజర్ హాల్వర్సన్ పళ్లు కొరికాడు. క్లబ్బులన్నీ వంతులవారీగా కొత్త ఆటగాళ్లను తీసుకునే డ్రాఫ్టులో స్లొవేకియా నుంచి ఎంచుకున్న ఈ కుర్రాడు "రాబోయే పదేళ్లకు మన డిఫెన్సుకు మూలస్తంభం" అని ఆయన పత్రికలకు ప్రకటించి సరిగ్గా వారం.

"స్తంభం తిరగదు కదా బాస్," అన్నాడు ఆటగాళ్లను వెతికిపెట్టే చీఫ్ స్కౌట్ క్లైడ్.

"నోర్ముయ్! డ్రాఫ్టులో మన రెండో రౌండు వంతు వీడి మీద తగలేశాం. నాలుగింటికి ఓనరు వస్తున్నాడు. వీడు గొప్పోడని మొట్టమొదట కూసిందెవడో తేల్చు. వాడి ఉద్యోగం ఆయన కళ్లముందే ఊడాలి."

క్లైడ్ అక్కడికక్కడే ఏకసభ్య విచారణ సంఘంగా ఏర్పడ్డాడు. ఎవరి తప్పు ఎవరి నెత్తిన రుద్దాలో అతనికి తెలిసినట్టు హామిల్టన్ నగరంలో మరొకరికి తెలియదు. ఫైలు తెప్పించాడు. "అపార ప్రతిభ. ఆకాశమే హద్దు" అని యూరప్ స్కౌట్ యొన్నే రాశాడు. కింద "ఏకీభవిస్తున్నాను" అంటూ తొమ్మిది సంతకాలు. తొమ్మిదోది క్లైడ్‌దే. చదవకుండా పెట్టింది కాబట్టి దాన్ని సంఘం పరిగణనలోకి తీసుకోలేదు.

యొన్నేను పిలిపించాడు.

"వీడి ఆట చూశావా?"

"రెండుసార్లు వెళ్లాను సార్. రెండుసార్లూ వాణ్ణి బెంచీ మీదే కూచోబెట్టారు."

"మరి ఆకాశం ఎక్కడ కనబడింది నాయనా?"

"పోటీ క్లబ్బు స్కౌట్ రెజాన్ చెబుతుంటే విన్నా."

"వాడి మాట నమ్ముతావురా! పనికిరానివాణ్ణి ఎదుటివాడి ముందు పొగడ్డం, పనికొచ్చేవాణ్ణి తిట్టడం మన వృత్తిలో ఓనమాలు కదా!"

"నాతో చెప్పలేదు సార్. ఫోన్లో వాళ్ల బాసుతో చెబుతున్నాడు. తలుపు చాటు నుంచి విన్నా."

క్లైడ్ లోలోపల మెచ్చుకున్నాడు. శిష్యుడు తనంతవాడయ్యాడు.

నాలుగయింది. ఓనరు వచ్చి కూర్చున్నాడు. యొన్నే చెప్పింది క్లైడ్ నోట విని, హాల్వర్సన్ రెజాన్‌కు ఫోన్ కలిపి స్పీకర్ ఆన్ చేశాడు.

"మతూష్ గురించా? నోటికాడి ముద్ద లాక్కున్నారు కదయ్యా! మరో రెండు పేర్లయితే మా వంతొచ్చేది, మేమే తీసుకునేవాళ్లం."

ఓనరు ముఖం కాస్త వెలిగింది.

"వాడి ఆట నువ్వు చూశావా?" అడిగాడు హాల్వర్సన్.

"నేనెందుకు చూస్తాను? చూసినాయనే చెప్పాడుగా!"

"ఎవరాయన?"

క్లైడ్ చెయ్యి మెల్లగా ఫోన్ వైపు పాకింది. హాల్వర్సన్ ఫోన్‌ను అందకుండా పక్కకు జరిపాడు.

"స్లొవేకియాలో, జిలినా స్టేడియంలో సాసేజీ కొనిపెట్టి మరీ చెప్పాడు. మేం కన్నేసిన గోల్‌కీపర్ శుద్ధ దండగట, మతూష్‌ని మాత్రం వదలొద్దట. పెద్దమనిషి మాట కాదంటామా? ఇంకెవరు, మీ క్లైడే!"