నవంబరు పది, పదింటికల్లా ఎరుపు

ఈ ఏడాది శరదృతువు నవంబరు పదో తేదీ ఉదయం పది గంటలకు మా హనెకావ పట్టణానికి విచ్చేస్తుందని మేయర్ కురాయిషి గారు ప్రకటించారు. ప్రతి పెరట్లోనూ ఎర్రబడే మొక్క ఉండాలి, అది నూటికి నూరుపాళ్లూ ఈ నేలదే అయి ఉండాలి, మొదటి బహుమతి స్వయంగా తానే వచ్చి ఇస్తానన్నారు. ఆకులతో ఇంత ఖచ్చితంగా మాట్లాడిన నాయకుణ్ణి నేనింతవరకూ చూడలేదు.

ఆ ప్రకటన అంటించిన అట్టను ఇంటింటికీ తిప్పే భాగ్యం నాది. ఈ ఏడు మా వీధి పెద్దను నేనే. నా గొప్పతనం చూసి ఎన్నుకున్నారనుకోకండి, వంతు వచ్చింది.

మొదట షిగెనో బామ్మగారింటికి వెళ్లాను. ఆవిడ గేటు పక్కన నిషికిగి పొద ఉంది. పెళ్లయిన ఏడాది ఆవిడ భర్త వెనక కొండ మీంచి తవ్వి తెచ్చి నాటాడు. ఏటా నవంబరు పదికల్లా నిప్పులా ఎర్రబడుతుంది. ఆయన పోయిందీ ఆ తేదీనే. ఆ రోజు ఆవిడ ఆయన ఫోటోను వరండాలో పొదకు ఎదురుగా పెట్టి, రెండు కప్పుల్లో టీ పోసి, పక్కనే కూర్చుంటుంది. ఏడాది పొడుగునా ఆవిడ ఎదురుచూసేది ఆ ఒక్క పూట కోసమే.

"ఇంకేం బామ్మగారూ, బహుమతి మీదే!"

"బహుమతి నాకెందుకయ్యా. పదో తారీకు దాకా ఆకు నిలిస్తే అదే చాలు."

మర్నాడు స్థానిక మొక్కల సెక్షన్ అధికారి హతనాక గారు రంగుల కార్డు, మ్యాపు, చుట్టిన పోస్టరు పట్టుకుని వచ్చారు. పొద చుట్టూ రెండుసార్లు తిరిగారు.

"ఇదెక్కడిదండీ?"

"వెనక కొండది బాబూ. అదుగో, కనబడుతోందిగా."

హతనాక గారు మ్యాపు విప్పారు. "పట్టణాలు కలిపినప్పుడు ఆ కొండ పక్క ఊరికి వెళ్లిపోయిందండీ. కాబట్టి ఇది స్థానికం కాదు."

"యాభై రెండేళ్ల నుంచీ ఇక్కడే ఉందయ్యా!"

"ఉండొచ్చండీ. నివాసం వేరు, స్థానికత వేరు."

ఇంత సూక్ష్మం మాబోటి వాళ్లకు ఎక్కడ తడుతుంది?

"మరి ఎలాంటిది నాటమంటారు?" అంది బామ్మ.

"ఇదిగో, ఇలాంటిది." పోస్టరు విప్పారు. అందులో ఎర్రటి పొద, పక్కన నీలం గేటు. బామ్మ పోస్టర్లో గేటును చూసింది, తన గేటును చూసింది.

"ఇది నా పొదే కదయ్యా!"

"అవునండీ, కిందటేడు ఫోటో తీయించాం. కానీ పోస్టరు మాత్రం స్థానికమే. మా ఆఫీసులోనే అచ్చయింది."

పొదను పోటీలోంచి తీసేసి, ఇంట్లో ఉంచుకోవడానికి మాత్రం దయతో ఒప్పుకున్నారు. బామ్మకు కావలసిందీ అదే.

ఆఫీసులో హతనాక గారి వీపుకు వీపు ఆనించి కూర్చునేది రాలే ఆకుల నివారణ సెక్షన్. వాళ్లు నెలనెలా వీధి పెద్దలకు ఒక ఫారం పంపుతారు. 'ఆకుల వల్ల ఇబ్బందులు' అని ఒక గడి ఉంటుంది. మా వీధిలో ఎవరికీ ఏ ఇబ్బందీ లేదు. కానీ ఖాళీ గడి పంపితే, వీధి పెద్ద పని చేయడం లేదనుకోరూ? అందుకని ముత్యాల్లాంటి అక్షరాలతో నింపాను: "షిగెనో గారి గేటు దగ్గర నాలుగైదు ఆకులు. పెద్ద ఇబ్బందేం కాదు." రెండో వాక్యానికి గడిలో చోటు లేదని ఆఫీసులో దాన్ని వదిలేశారట.

ఏడో తేదీన ఇద్దరు పనివాళ్లు కత్తెరలతో వచ్చి, నడుం దాకా వంగి దణ్ణం పెట్టారు.

"ఫిర్యాదు వచ్చిందండీ. రాలకముందే తీసేస్తే ఇక రాలవు."

"మూడు రోజులు ఆగండి బాబూ, మూడే రోజులు!"

"మాకు ఈవేళే రాసిచ్చారండీ."

"ఎవరిచ్చారు ఫిర్యాదు?"

"అది రహస్యమండీ."

నేను నింపిన ఫారం గుర్తొచ్చింది. అయినా కత్తిరించిన కొమ్మలు వేసే సంచీని మాత్రం గట్టిగానే పట్టుకున్నాను. వీధి పెద్ద సాయపడకపోతే ఎలా?

పదో తేదీ పదింటికి మేయర్ గారు వేంచేశారు. వీధిలో కొత్తగా నాటిన స్థానిక మొక్కలకు మూడేసి ఆకులున్నాయి, మూడూ పచ్చవే. హతనాక గారికి చెమటలు పట్టాయి. పరుగున వెళ్లి, లామినేషన్ చేయించిన పోస్టరును బామ్మగారి మోడు పుల్లలకు కట్టేశారు.

"ఆహా! చెప్పిన టైముకు ఎర్రబడింది! ఒక్క ఆకన్నా రాలిందా చూడండి! స్థానికమేనా?" అన్నారు మేయర్ గారు.

"మన ఆఫీసులోనే పుట్టిందండీ."

మొదటి బహుమతి బామ్మకే వచ్చింది. అందరం చప్పట్లు కొట్టాం. తర్వాత హతనాక గారు పోస్టరు విప్పుకుని పక్క వీధికి పరిగెత్తారు. అక్కడ రెండో బహుమతి ఇవ్వాలి.

బామ్మ రెండు కప్పుల్లో టీ పోసింది. ఈసారి ఫోటోను గేటు వైపు కాకుండా గోడ వైపుకు తిప్పి పెట్టింది.

సాయంత్రం ఆవిడే మా ఇంటికి వచ్చింది. చేతిలో చెస్ట్‌నట్ మిఠాయి పెట్టె.

"ఒకిమురా గారూ, నా ఆకులతో ఎవర్ని ఇబ్బంది పెట్టానో ఏమో. ఇన్నేళ్లూ నోరు మెదపకుండా ఓర్చుకున్నారు పాపం. వీధి పెద్దలు కదా, మీకు తెలిసే ఉంటుంది. నా తరఫున క్షమించమని చెప్పి, ఇది వాళ్లకిచ్చేయండి."

తప్పకుండా అందజేస్తానని మాటిచ్చాను. ఆ పూటే నిలబెట్టుకున్నాను కూడా. పెట్టెలో పన్నెండు ముక్కలున్నాయి. మొదటిది గొంతులో అడ్డంపడింది. మిగతా పదకొండూ బాగానే దిగాయి.