కొత్త పండ్లు కుదురుకునేదాక

ఆ రోజు బసవయ్య పెట్టుకున్న పని చాలా చిన్నది. పొద్దున్నే చద్దన్నం తిని, సైకిలెక్కి, క్యాంపు నుంచి బాన్సువాడ వెళ్ళి, లక్‌పతి దుకాణంలో సైకిలు చప్పుడు బాగుచేయించుకుని, పది గంటలకల్లా తిరిగొచ్చి మడికి నీళ్ళు కట్టించాలి. ఇంత చిన్న పనిలో పరువు పోవడానికి సందెక్కడుంటుంది చెప్పండి!

"తువ్వాలు మర్చిపోకండి. దుమ్ము!" అంది భార్య సీతారావమ్మ, దుమ్మన్న మాట కాస్త ఒత్తి పలుకుతూ.

బసవయ్య చిరచిరలాడుతూ తువ్వాలు భుజాన వేసుకున్నాడు. పాపం, అతని బాధ అతనిది. చిగుళ్ళ జబ్బు చేసి నలభై మూడేళ్ళకే నోట్లో పళ్ళన్నీ పీకించుకోవాల్సి వచ్చింది. రెండు నెలలపాటు మూతికి తువ్వాలు చుట్టుకుని, కాలవగట్టు దుమ్ము పడట్లేదని అందరికీ చెప్పాడు. పది రోజుల కిందట ట్రాక్టరు సామానుకని చెప్పి నిజామాబాద్ వెళ్ళి, గుట్టుచప్పుడు కాకుండా కట్టుడు పళ్ళు పెట్టించుకొచ్చాడు. కృష్ణా జిల్లా నుంచి వచ్చి, తుప్పలు నరికి, నిజాంసాగర్ కాలవ కింద పదిహేనెకరాలు మడి చేసినవాడు. తనలా వలస వచ్చిన రైతుల క్యాంపులో తగువొస్తే తీర్పు చెప్పేవాడు. అలాంటివాడు బోసినోటివాడని తెలిస్తే ఇంకెవరి మొహం ఎలా చూస్తాడు? సంగతి సీతారావమ్మకీ, పళ్ళ డాక్టరుకీ తప్ప మూడో మనిషికి తెలియదు.

ఆ నిజామాబాద్ వెళ్ళిన రోజే సైకిలును ఓవరాలింగుకని లక్‌పతి దగ్గర వదిలి బస్సెక్కాడు. సాయంత్రం దిగి బండి తీసుకున్నాడో లేదో, చప్పుడు మొదలైంది. కంకర రోడ్డెక్కితే చాలు, టకటకటక. దిగి చూస్తే ఏమీ ఉండదు. తోసుకెళ్తే ఉండదు. పాలేరు తొక్కితే ఉండదు. బసవయ్య గంటకు గుడ్డ కట్టాడు, సీటు కింద దూది కుక్కాడు, గాలిపంపు ఊడదీసి ఇంట్లో పెట్టాడు. అయినా టకటకటక. చప్పుడు సైకిల్లో కాక తన బుర్రలోనే మోగుతున్నట్టుండేది. పదేళ్ళు ప్రాణంలా చూసుకున్న బండి కదా, దాని బాధ తన తలకెక్కుతోందని సరిపెట్టుకున్నాడు.

లక్‌పతి దుకాణం బస్టాండు పక్కన. పేరుకే లక్షాధికారి గాని, లంబాడీ తండా నుంచి వచ్చి వేసుకున్న రేకుల పందిరి, ఒక గాలిపంపు, పెట్టెడు పానాలు తప్ప ఇంకేమీ లేవు. ఆ పొద్దున అతని మొహం వెలిగిపోతోంది. ఊళ్ళో పెద్ద రైతు, పంచాయతీ సమితి సభ్యుడు రాజేశ్వర్ వచ్చి బల్ల మీద కూర్చుని చాయ్ తాగుతున్నాడు. సమితి ఆఫీసు గ్రామసేవకుల సైకిళ్ళు ఇరవై ఉన్నాయి. వాటి రిపేరు పని ఏడాది పొడుగునా లక్‌పతికి ఇవ్వాలంటే, అతను నమ్మకస్తుడనీ పనిమంతుడనీ రాజేశ్వర్ సంతకం చేయాలి. ఆ కాగితం రాజేశ్వర్ జేబులోనే ఉంది. చూడ్డానికి ఓ పదిమంది చేరారు.

బసవయ్య స్టాండు వేసి, "ఏమయ్యా, ఓవరాలింగ్ చేసినకాణ్ణించీ టకటకమంటోందేంటి?" అన్నాడు.

లక్‌పతి చేతిలో చక్రం తిప్పుతూ తలెత్తకుండానే చెప్పాడు. "ఫికర్ చెయ్యకుండ్రి సాబ్. కొత్త పండ్లు పడ్డయ్ గద, గవి కుదురుకునేదాక గట్లనే సప్పుడు చేస్తయ్. పాత పండ్లు మొత్తం ఖరాబైనయ్. ఒక్కటి సక్కగ లేకుండె."

ఇక్కడివాళ్ళు పళ్ళను పండ్లంటారు; తన గుట్టు బయటపడిపోయిందనుకున్నాడు బసవయ్య.

"కొత్త పండ్లా? ఎప్పుడేసిన్రు?" అని రాజేశ్వర్ సరదాగా అడిగాడు.

"సాబ్ నిజామాబాద్ పోయిండు సూడుండ్రి, గా దినమే."

ఎవరో కిసుక్కుమన్నారు. వాళ్ళు నవ్వింది రోడ్డు మీద పోతున్న మేకను చూసి. అది బసవయ్యకేం తెలుసు? గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు అతని చెయ్యి మూతి మీదికి పోయింది. పళ్ళ మాట ఇంకొక్కటి వినపడకుండా ఏదో ఒకటి అరవాలి. నోటికి ముందొచ్చిందే అరిచేశాడు.

"దొంగ వెధవా! నా సైకిల్లో సామానంతా కొట్టేసి, పైపెచ్చు నలుగుర్లో ఎగతాళా?"

లక్‌పతి చేతిలో తిరుగుతున్న చక్రం ఆగింది. రాజేశ్వర్ చాయ్ గ్లాసు కింద పెట్టి, "దొంగతనమంటే మామూలు మాట కాదు బసవయ్య గారూ. గిదంత తేలేదాక నేను సంతకం చెయ్య" అన్నాడు.

లక్‌పతి గోనెసంచి పరిచి, పానా పట్టుకుని, అందరి ముందూ సైకిలు విప్పడం మొదలుపెట్టాడు. చక్రాలు, పెడళ్ళు, క్రాంకు, చైను, ఒక్కొక్కటే వరసగా పేర్చాడు. సీతారావమ్మ బిందెల మీద పేర్లు చెక్కించిన రోజున బసవయ్య ఆ చెక్కేవాడి చేతే సైకిలు సామానంతటి మీదా "మా. బసవయ్య" అని చెక్కించుకున్నాడు. రాజేశ్వర్ ఒక్కో సామాను ఎత్తి పైకి చదివాడు. "మా. బసవయ్య. గిదీ మా. బసవయ్య. గీ పెడల్ గూడ బసవయ్యనే." పేరు లేని సామాను ఒక్కటే మిగిలింది. లక్‌పతి ఆ పళ్ళచక్రం తెచ్చి బసవయ్య చేతిలో పెట్టాడు.

"గిది ఫ్రీవీల్ సాబ్. మీరు మార్చుమంటేనే మార్చిన. నేను జెప్పిన కొత్త పండ్లు గివే."

బసవయ్య ఆ పళ్ళచక్రం వంక చూశాడు. అన్నీ కొత్తవి, మెరుస్తున్నవి. తన పళ్ళ సంగతి ఈ మనిషికి ఇసుమంతైనా తెలియదు! సిగ్గుతో చెవులు కాలిపోయాయి. కాలు జారితే తీసుకోవచ్చు గాని నోరు జారితే తీసుకోలేమంటారు. బసవయ్య నోట్లో బయటికి తీసుకోగలిగినవి బోలెడున్నాయి గాని, అన్న మాట వాటిలో లేదు.

అప్పుడే దుకాణానికి సద్దిగిన్నె పట్టుకొచ్చిన లక్‌పతి భార్య చాంద్రి, విషయం విని గిన్నె కింద పెట్టేసింది. "ఇయ్యాల నువ్వు దొంగ అంటవ్ సాబ్. రేపు ఏడ దొంగతనమైనా పోలీసోల్లు మా ఇంటికే ఒస్తరు. నువ్వేమో మడికి నీల్లు వెట్టుకుంట ఇంట్ల ఉంటవ్."

'నాదే పొరపాటు' అనాల్సింది అప్పుడే. అంటే మరి ఎందుకరిచావని అడుగుతారు. అడిగితే ఏం చెప్పాలి? "సరే, సామాను నాదే. మరి చప్పుడెక్కణ్ణించొస్తోందయ్యా? ఏదో చేశాడు కాబట్టేగా!" అని బసవయ్య మొండికేశాడు. మనసులో మాత్రం తనను తాను తిట్టుకుంటూనే ఉన్నాడు.

సైకిలు మళ్ళీ బిగించారు. లక్‌పతి తొక్కాడు, చప్పుడు లేదు. రాజేశ్వర్ పంచె ఎగ్గట్టి తొక్కాడు, లేదు. బసవయ్య ఎక్కి కంకర మీదికి పోనిచ్చాడు. టకటకటక! జనం పక్కనే పరిగెత్తారు. "ఇదిగో, వినండి!" అని అతను నోరు తెరవగానే చప్పుడు ఆగింది. నోరు మూశాడు, మొదలైంది. "అదుగో!" అన్నాడు, ఆగింది.

"మాకేం ఇనొస్తలేదు. ఎండకు తల తిరుగుతుందేమో సూసుకోండ్రి" అన్నాడు రాజేశ్వర్ ఆయాసపడుతూ.

"నేను ఎనక కూసుంట" అన్నాడు లక్‌పతి. క్యారియర్ ఎక్కి, బసవయ్య వీపుకు చెవి ఆనించి కూర్చున్నాడు. ఇద్దరూ కాలవ వంతెన దాకా పోయారు. జనం వెనకబడ్డారు.

"సాబ్, జెర పండ్లు గట్టిగ బిగవట్టుండ్రి" అన్నాడు లక్‌పతి.

బిగపట్టాడు. చప్పుడు లేదు.

"ఇగ ఇడువుండ్రి."

వదిలాడు. టకటకటక.

బసవయ్య కాళ్ళు తొక్కడం మానేశాయి. సైకిలు దానంతట అదే పోయి వంతెన గోడకు ఆగింది. బసవయ్యకు కాలవలో దూకేద్దామనిపించింది గాని, నీళ్ళు మోకాలి లోతే ఉన్నాయి.

"నాకు ఎరక లేకుండె సాబ్" అన్నాడు లక్‌పతి మెల్లగా. "ఎవ్వరికి జెప్ప. పాండ్రి."

తిరిగొచ్చాక లక్‌పతి క్యారియర్ దిగి, రాజేశ్వర్ ముందు నిలబడి చేతులు తుడుచుకున్నాడు. "దొరికింది పటేలా. తప్పు నాదే. ఎనక నట్టు సక్కగ బిగియ్యలే."

"దొంగవి కాదన్నట్టే. మంచిదే" అన్నాడు రాజేశ్వర్. "గని నట్టు బిగియ్య రానోనికి ఇరవై సైకిల్లు ఎట్ల అప్పజెప్పాలె?" అంటూ కాగితం నాలుగు మడతలు పెట్టి జేబులో వేసుకున్నాడు. చాంద్రి గిన్నె అందుకుంది.

ఇంతకన్నా కావలసిందేముంది? గుట్టు దక్కింది, తగువు తీరింది. బసవయ్య సైకిలెక్కి బయల్దేరాడు. బస్టాండు దాటాడు. టకటకటక. ఆ చప్పుడు ఇప్పుడు ఎక్కడిదో తెలుసు గనక, మరీ గట్టిగా వినిపించింది. తను అరిచిన మాటకూ, ఆ మనిషి దాచిన మాటకూ పోలిక పెట్టుకుంటే అతనికి తన మీద తనకే అసహ్యమేసింది. "ఛీ, నీ బతుకు చెడ!" అని తనను తానే తిట్టుకుని సైకిలు వెనక్కి తిప్పాడు.

ధైర్యం జారిపోకముందే పని కానిచ్చేయాలని, దుకాణం ముందు దిగుతూనే అటు తిరిగి రెండు వరసలూ ఊడదీసి పిడికిట్లో పెట్టుకున్నాడు. ఇటు తిరిగి, నలుగురికీ వినపడేలా గొంతెత్తాడు. లక్‌పతి దొంగ కాదు, చప్పుడు సైకిలుది కాదు, తప్పంతా నాది అని చెప్పాననుకున్నాడు. బయటికొచ్చింది మాత్రం వేరు.

"అక్పయి ఓంగ కాఉ! హప్పులు హైకిలుయి కాఉ! అప్పంఆ నాయి!"

"మల్ల దొంగనే అంటుండే!" అని వెనకనుంచి ఒకడు అరిచాడు. "ఇడువకుండ్రి!"

"కాఉ! కాఉ!" అన్నాడు బసవయ్య. అదెవరికీ అర్థం కాలేదు. రాజేశ్వర్ లేచి నిలబడ్డాడు. లక్‌పతి మాత్రం పిడికిలి వంక చూసి, "వద్దు సాబ్, వద్దు" అని చెయ్యి పట్టుకోబోయాడు. బసవయ్య పిడికిలి విప్పేశాడు.

జనమంతా ఒక్కసారి ముందుకు వంగారు. ఎండలో రెండు వరసల పళ్ళు మెరుస్తున్నాయి. ఎవరూ నవ్వలేదు. నవ్వినా బాగుండుననిపించింది బసవయ్యకు. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.

"గివి... మీయేనా?" అన్నాడు రాజేశ్వర్, గొంతు బాగా తగ్గించి.

తలూపాడు.

"గది సరే. లక్‌పతి గురించి ఏందో అన్నరు, ఒక్క ముక్క సమజ్ గాలే. మల్లొక్కసారి జెప్పున్రి."

గుండె రాయి చేసుకుని ఒక్కసారి సిగ్గుపడితే సరిపోతుందనుకున్నాడు గాని, అలా కుదరలేదు. తువ్వాలుతో తుడుచుకుని, అంతమంది ముందూ పళ్ళు పెట్టుకుని, కుదురుకున్నాయో లేదో రెండుసార్లు కొరికి చూసుకుని, నిజామాబాద్ ప్రయాణంతో సహా మొదట్నుంచీ మళ్ళీ చెప్పాడు. "అతను నా గుట్టు దాచడానికి లేని తప్పు నెత్తినేసుకున్నాడండీ. నేను నా గుట్టు కోసం మంచి మనిషిని దొంగన్నాను" అని చేతులు జోడించాడు.

చాంద్రి చాలాసేపు అతన్నే చూసింది. తర్వాత కుండలోంచి చెంబెడు నీళ్ళు ముంచి ఇచ్చింది.

రాజేశ్వర్ జేబులోంచి కాగితం తీసి, మడతలు సాపు చేసి, బల్ల మీద పెట్టి సంతకం గీకాడు. నమ్మకస్తుడన్న మాట కింద సాక్షి కూడా ఒకరు కావాలన్నాడు. సాక్షి సంతకం బసవయ్య చేశాడు, నోరు మూసుకుని.